నేల తాబేలు నీళ్లు, మేత, అరుగుదల: ఏ పద్ధతి ఎంచుకోవాలి?

తాబేలు తిండి మానేసిందంటే చాలామంది ముందు మేత మారుస్తారు. ఈ రోజు కీర దోస, రేపు టమాటా, ఎల్లుండి అరటిపండు. ఏది ముట్టుకుంటే అదే పెట్టేస్తారు. మలబద్ధకం, మూత్రాశయంలో రాయి, చిప్ప మీద గుబ్బలు లేవడం, ఆకలి మందగించడం లాంటి సమస్యల్లో చాలావాటికి మూలం నీళ్ల కొరత, వేడి చాలకపోవడం. మేత సంగతి ఆ తర్వాతే. అందుకే ఇక్కడ నీళ్లకు ఎక్కువ చోటిచ్చాం. పౌడర్లూ మందులూ చివర్లో వస్తాయి. ఇదంతా నేల తాబేళ్ల గురించే. నీటి తాబేళ్ల లెక్క వేరు.

మీ తాబేలు ఏ గుంపుది?

ఏ సలహా పాటించాలన్నా ముందు ఇది తేలాలి. ఒక జాతికి ప్రాణం పోసే మేత ఇంకో జాతికి జబ్బు తెస్తుంది.

సుల్కాటా, లెపర్డ్, నక్షత్ర తాబేలు గడ్డి మేసేవి. వీటి మేతలో ముప్పాతిక వంతు గడ్డీ ఎండుగడ్డే ఉండాలి. హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్లు వెడల్పాటి కలుపు ఆకుల మీద బతికేవి. గడ్డి కొద్దిగా తింటాయి, పండు దాదాపు అక్కర్లేదు. రెడ్‌ఫుట్, యెల్లోఫుట్ తడి అడవుల జీవులు. ఆకులతో పాటు పండ్లు, పూలు, పుట్టగొడుగులు, అప్పుడప్పుడు కాస్త మాంసకృత్తులు కూడా అరిగించుకుంటాయి. గాలిలో తేమ వీటికి అందరికంటే ఎక్కువ కావాలి.

జాతి తెలియకపోతే పై చిప్ప, అడుగు చిప్ప, తొడల వెనుక భాగం ఫొటోలు తీసి సరీసృపాలు చూసే పశువైద్యుడికి చూపించండి. ఇంకా తాబేలు తెచ్చుకోనివారికి ఒక మాట. నక్షత్ర తాబేలును 2019లో సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం మొదటి అనుబంధంలోకి మార్చారు. అడవిలో పట్టినవాటి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. ఏ జాతినైనా ఇంట్లో ఉంచుకోవచ్చో లేదో మీ చట్టంలో చూసుకున్నాకే మిగతా ఆలోచన.

నీళ్లు పట్టే నాలుగు దారులు

గోరువెచ్చని స్నానం, నీళ్ల పళ్లెం, నీళ్లు చల్లడం, నీరు ఎక్కువున్న మేత. ఈ నాలుగూ ఒకదానికొకటి బదులు కావు. మొదటి రెండు ఒంట్లోకి నీళ్లు పంపుతాయి. మూడోది గాలిని తడుపుతుంది. నాలుగోది సాయం మాత్రమే చేస్తుంది, దాన్ని నమ్ముకుని మిగతావి మానేస్తేనే చిక్కు.

*స్నానం.* తాబేలు ఎన్ని నీళ్లు తాగిందో కళ్లారా చూడగలిగే పద్ధతి ఇదొక్కటే. పిల్ల తాబేళ్లకు, కొత్తగా తెచ్చినవాటికి, జబ్బు చేసినవాటికి ఇదే మొదటి ఎంపిక.

తొట్టి పక్కలు బయటికి కనిపించనివి కావాలి. పారదర్శకమైన డబ్బాలో పెడితే బయటికి దారి ఉందనుకుని గోడలు గీకుతూనే ఉంటుంది, తాగదు. అడుగు చదునుగా, తాబేలు ఒక చుట్టు తిరగగలిగేంత వెడల్పుగా ఉండాలి. నీళ్ల వేడి 30 నుంచి 34 డిగ్రీల సెల్సియస్. చేత్తో అంచనా వేయకుండా థర్మామీటర్ ముంచి చూడండి. పెద్దవాటికి పై చిప్ప, అడుగు చిప్ప కలిసే అతుకు దాకా నీళ్లు పోయాలి. పిల్లలకు గడ్డం దాకా చాలు, మెడ సాగదీయకుండానే ముక్కు నీటి పైన ఉండాలి. సమయం 20 నుంచి 30 నిమిషాలు. చిన్న తొట్టిలో పది నిమిషాలకే నీళ్లు చల్లారతాయి కాబట్టి, వేడినీళ్లున్న ఇంకో పెద్ద తొట్టిలో ఆ చిన్న తొట్టిని కూర్చోబెడితే సరి.

నీళ్లలో దించిన కాసేపటికి తాబేలు మెడ చాచి, తల వంచి, ముక్కుతో సహా మూతి ముంచుతుంది. గొంతు కింద చర్మం ఒక లయలో ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే తాగుతోందన్నమాట. అలా కొన్ని నిమిషాలపాటు తాగవచ్చు, అప్పుడు కదిలించకండి. తర్వాత చాలాసార్లు మూత్రం, మలం, వాటితో పాటు తెల్లటి ముద్దలాంటి యూరేట్లు (యూరిక్ ఆమ్లపు వ్యర్థం) వదులుతుంది. అది వదిలిందంటే మంచిదే. నేల తాబేలు మూత్రాశయాన్ని నీటి నిల్వగా వాడుకుంటుంది. బయట నీళ్లు దొరకనప్పుడు మూత్రం విడవకుండా పట్టుకుని అందులోంచే నీటిని తిరిగి పీల్చుకుంటుంది. అలా పీల్చుకునేకొద్దీ అడుగున మిగిలిన యూరేట్లు గట్టిపడతాయి. రాళ్లు తయారయ్యే దారుల్లో ఇదొకటి. కొత్త నీళ్లు కడుపులో పడితేనే పాతవి వదిలే ధైర్యం వస్తుంది.

మలం వేస్తే నీళ్లు వెంటనే మార్చి, శుభ్రమైన నీళ్లలో మరో పది నిమిషాలు ఉంచండి. మురికి చేసిన నీళ్లే మళ్లీ తాగుతుంది మరి. తర్వాత తువ్వాలుతో తుడిచి బాస్కింగ్ బల్బు (ఒళ్లు కాచుకోవడానికి పెట్టే వేడి బల్బు) కింద వదలాలి. స్నానం ఉదయం పూటే. రాత్రి తడి ఒంటితో చల్లని చోట పడుకుంటే ఊపిరితిత్తుల జబ్బుకు తలుపు తెరిచినట్టే. తొట్టిని వంటింటి సింకులో కడగొద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి. తాబేళ్లు పైకి ఆరోగ్యంగా ఉన్నా మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోయగలవు.

ఏడాది లోపు పిల్లలకు రోజూ, మూడేళ్ల లోపువాటికి వారానికి మూడుసార్లు, పెద్దవాటికి వారానికి ఒకటి రెండుసార్లు. వాతావరణం పొడిగా ఉన్నా, ఎండుగడ్డి, గుళికల మేత ఎక్కువ పెడుతున్నా ఇంకోసారి కలపండి. స్నానపు నీళ్లలో క్యారెట్ గుజ్జు, గ్లూకోజు, విటమిన్ చుక్కలు కలపమనే సలహాలు వింటుంటాం. ఆరోగ్యంగా ఉన్న తాబేలుకు ఉత్త నీళ్లే చాలు, తీపి కలిస్తే నీళ్లు త్వరగా పాడవుతాయి.

*నీళ్ల పళ్లెం.* స్నానం చేయిస్తున్నాం కదా అని పళ్లెం తీసేయకండి. దాహం వేసిన వేళకు నీళ్లు అందేది దీంతోనే. పిల్లిపిల్లలకు పెట్టే నిలువు అంచుల గిన్నె వద్దు. ఎక్కబోయి వెల్లకిలా పడితే పిల్ల తాబేలు రెండంగుళాల నీళ్లలోనే మునిగిపోతుంది. పూలకుండీ కింద పెట్టే మెరుపు పూత లేని మట్టి పళ్లెం వీటికి చక్కగా కుదురుతుంది. గరుకుగా ఉంటుంది, అంచు తక్కువ, తేలిగ్గా దొర్లదు. అంచు నేలమట్టానికి వచ్చేలా మట్టిలో పాతాలి. పిల్లలకు నీళ్ల లోతు 1 నుంచి 2 సెంటీమీటర్లు మించకూడదు. తాబేలు మొత్తంగా దిగి కూర్చునేంత వెడల్పుండాలి.

ఇబ్బందల్లా ఒకటే: అందులోనే మలం వేస్తుంది. రోజూ కడగాలి, వేసవిలో రెండుసార్లు. అంత ఓపిక లేకపోతే ఒకేలాంటి పళ్లేలు రెండు ఉంచుకుని, ఒకటి తీసి ఒకటి పెట్టండి. పక్షుల పంజరానికి వేలాడదీసే నీళ్ల సీసాలు తాబేళ్లకు పనికిరావు.

*నీళ్లు చల్లడం.* స్ప్రేతో చల్లితే గాలిలో తేమ కాసేపు పెరుగుతుంది, అంతే. చిప్ప మీద వానలా పడితే కొన్ని తాబేళ్లకు తాగాలన్న కోరిక పుడుతుంది కాబట్టి, ఉదయం స్నానానికి ముందు చల్లడం బాగానే పనిచేస్తుంది. దాహం తీర్చడానికి మాత్రం లెక్కలోకి రాదు. పొగమంచు వదిలే అల్ట్రాసోనిక్ యంత్రాలు చూడ్డానికి బాగుంటాయి కానీ చల్లని తేమను వదులుతాయి. వేడి చాలని చోట ఆ చల్లని తేమే ముక్కు కారడానికి మొదలు. నీళ్ల డబ్బా వారం కడగకపోతే అందులో పెరిగిన సూక్ష్మజీవులు కూడా గాలిలోకే వస్తాయి.

*నీరున్న మేత.* కీర దోసలో, లెట్యూస్‌లో దాదాపు 95 శాతం నీరే. పోషకం నామమాత్రం. నీళ్లు తాగని తాబేలుకు రెండు రోజులు ఆసరాగా ఇవ్వొచ్చు, రోజువారీ మేతగా కాదు. నాగజెముడు ఆకు ఇంతకంటే మేలు. నీరూ ఉంటుంది, పీచూ కాల్షియమూ ఉంటాయి. ముళ్లతో పాటు, వెంట్రుకల్లా గుచ్చుకునే సన్నటి నూగు ముళ్లను కూడా గీకి, కడిగి పెట్టాలి.

మా తీర్పు: పిల్లలకు స్నానమే ప్రధానం, పళ్లెం తోడు. పెద్దవాటికి పళ్లెం ప్రధానం, స్నానం తోడు. చల్లడం తేమకోసమే.

నీళ్లు చాలుతున్నాయా, ఎలా తెలుస్తుంది?

కళ్లు లోపలికి పోవడం, చర్మం ముడతలు పడి సాగిపోవడం, నోట్లో జిగురు కనిపించడం అన్నీ ఆలస్యంగా వచ్చే గుర్తులు. ముందుగా చెప్పేది యూరేట్లే. చేతికి గ్లోవ్ వేసుకుని ఆ తెల్లటి ముద్దను రెండు వేళ్ల మధ్య నలపండి. టూత్‌పేస్టులా మెత్తగా జారిపోతే పర్వాలేదు. ఇసుక రేణువుల్లా గరగరలాడితే నీళ్లు చాలడం లేదు, ఆ రోజు నుంచే స్నానాలు రోజువారీ చేయండి. గట్టి ఉండలా ఉంటే, లేదా తాబేలు ముక్కుతూ వెనుక కాళ్లు ఈడుస్తుంటే రాయి ఉందేమో ఎక్స్‌రే తీయించాలి. అసలు యూరేట్లే కనిపించకపోవడం, ముఖ్యంగా నీళ్లు బాగా తాగుతున్న తాబేలులో, మామూలే. కంగారు వద్దు.

రెండో సాధనం గ్రాముల్లో చూపే డిజిటల్ తూకం. పిల్లలను వారానికోసారి, పెద్దవాటిని నెలకోసారి, ఎప్పుడూ స్నానానికి ముందే తూచి రాసుకోండి. స్నానంలో తాగితే బరువు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఒకసారి ముందు, ఒకసారి తర్వాత తూచారంటే ఆ అంకెలకు అర్థం ఉండదు. పిల్ల తాబేలు బరువు నెల రోజులైనా పెరగకపోయినా, పెద్దది పదో వంతు తగ్గినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తేమ: తెరిచిన బల్లా, మూసిన పెట్టా?

చిప్ప మీద గోపురాల్లా గుబ్బలు లేవడాన్ని చాలాకాలం ఎక్కువ ప్రోటీన్ మీద నెట్టేవారు. సుల్కాటా పిల్లల మీద చేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో, మేతలోని ప్రోటీన్ ప్రభావం స్వల్పమేననీ గాలిలోని తేమే ఎక్కువ తేడా తెస్తోందనీ తేలింది. పొడిగాలిలో పెరిగినవాటికి గుబ్బలు ఎక్కువగా వచ్చాయి. ప్రోటీన్ ఎంతైనా పెట్టొచ్చని దీనర్థం కాదు, దాని వల్ల కిడ్నీలకు జరిగే నష్టం వేరే సంగతి.

పైన తెరిచి ఉన్న బల్లలాంటి ఎన్‌క్లోజర్‌కు (తాబేలు ఉండే గూటికి) గాలి బాగా ఆడుతుంది. పెద్దయిన హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్లకు అది సరిపోతుంది. కానీ పైనుంచి వేడి బల్బు ఆరబెడుతుంటే అందులో 70 శాతం తేమ నిలబెట్టడం ఎంత నీళ్లు చల్లినా కష్టమే. సుల్కాటా, లెపర్డ్, రెడ్‌ఫుట్ పిల్లలకైతే పైన మూత ఉన్న పెట్టే తీసుకోండి. తేమ 70 నుంచి 80 శాతం, వేడి రాత్రి కూడా 26 డిగ్రీలకు తగ్గకుండా. తేమ, చలి రెండూ కలిస్తేనే ప్రమాదం. కొత్త పెట్టె కొనే వీలు లేదంటే మధ్యేమార్గం ఒకటుంది. బోర్లించిన డబ్బాకు గుమ్మంలా కోసి, లోపల తడి కొబ్బరి పొట్టు నింపి, తాబేలు పడుకునే మూలన పెట్టండి. పిల్లలు రోజులో ఎక్కువసేపు అందులోనే దూరి ఉంటాయి కాబట్టి అసలు తేమ అందాల్సిన చోటే అందుతుంది.

అడుగున పరిచేదాన్ని తడిపేటప్పుడు పైనుంచి చల్లకుండా నాలుగు మూలల్లో నీళ్లు పోయండి. అడుగు పొర తడిగా, పై పొర పొడిగా ఉంటుంది. పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే అడుగు చిప్ప కుళ్లు పడుతుంది.

మేత: ఐదు రకాలు, ఐదు లెక్కలు

*పచ్చి గడ్డి, కలుపు ఆకులు.* అన్నిటికంటే మేలైనది ఇదే. గరిక, డాండెలియన్, ప్లాంటాగో, మల్బరీ ఆకులు, మందార ఆకులూ పూలూ, ద్రాక్ష ఆకులు. మందు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట కోయాలి. మొక్కేమిటో నూటికి నూరు పాళ్లూ తెలియకపోతే పెట్టొద్దు. గన్నేరు, డీఫెన్‌బాకియా, టమాటా మొక్క ఆకులు, అవకాడో, రుబార్బ్ దగ్గరికి రానివ్వొద్దు.

*ఎండుగడ్డి.* గడ్డి మేసే జాతులకు ఏడాది పొడవునా దొరికే పీచు ఇదే. చిన్న తాబేళ్లు గట్టి కాడలను కొరకలేవు. కత్తెరతో ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి, నీళ్లు చిలకరించి, పచ్చి ఆకుల్లో కలపండి. మొదట పదో వంతుతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. బూజు వాసన వస్తే మొత్తం పారేయడమే.

ఇక్కడొక లెక్క చాలామంది వేసుకోరు. 100 గ్రాముల పచ్చిగడ్డిలో దాదాపు 80 గ్రాములు నీరు, 20 గ్రాములు పొడి మేత. అంతే పొడి మేత ఎండుగడ్డి రూపంలో ఇస్తే 22 గ్రాములు చాలు, కానీ దాంతో వచ్చే నీరు రెండు గ్రాములే. అంటే కడుపు నిండినట్టే కనిపిస్తుంది, ఒంటికి 78 మిల్లీలీటర్ల నీరు తగ్గింది. ఎండుగడ్డికో గుళికలకో మారిన నెల రోజుల్లో మలబద్ధకం మొదలైందంటే కారణం చాలాసార్లు ఇదే. మేత మార్చిన రోజునే స్నానాల సంఖ్య కూడా పెంచాలి.

*కూరగాయల దుకాణంలో దొరికే ఆకులు.* ఎండైవ్, ఎస్కరోల్, రాడిచియో లాంటి చేదు ఆకుకూరలు మంచివి. పాలకూర, బీట్‌రూట్ ఆకులు, గంగవావిలి కూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. పాలకూర పట్టిక చూస్తే 100 గ్రాముల్లో కాల్షియం 99 మిల్లీగ్రాములు, భాస్వరం 49. భాస్వరానికి కాల్షియం రెండింతలుంది కాబట్టి నిష్పత్తి బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. ఆ కాల్షియంలో ఎక్కువ భాగాన్ని ఆక్సలేట్లు పట్టేసుకుంటాయి, ఒంటికి అందదు. ఎప్పుడో నాలుగు ఆకులు తింటే ఏమీ కాదు, రోజూ అదే పెట్టడం తప్పు. క్యాబేజీ, బ్రకోలీ కూడా అంతే. అతిగా పెడితే థైరాయిడ్ పనికి అడ్డు తగులుతాయి.

*గుళికలు.* ప్యాకెట్టు మీద తాబేలు బొమ్మ చూసి కొనొద్దు. వెనక్కి తిప్పి పీచు ఎంతో చదవండి. గడ్డి మేసే జాతులకు పీచు 20 శాతం, అంతకంటే ఎక్కువ ఉండాలి. ప్రోటీన్ 10 నుంచి 15 శాతం మధ్య. పదార్థాల జాబితాలో మొదటి పేరు గడ్డిదై ఉండాలి, మొక్కజొన్నో గోధుమో అయితే పిండి పదార్థం ఎక్కువన్నమాట. నీటి తాబేళ్ల గుళికల్లో ప్రోటీన్ 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది, అవి వీటికి పనికిరావు. పెట్టేముందు గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, మెత్తబడ్డాక ఆకులతో కలపండి. వారానికి ఒకటి రెండుసార్లు, అదీ పచ్చి మేత దొరకని కాలంలో. మంచి కలుపు ఆకులు అందుబాటులో ఉన్నవారికి గుళికల అవసరమే లేదు.

*పండ్లు.* రెడ్‌ఫుట్, యెల్లోఫుట్‌లకు మేతలో ఐదో వంతు దాకా ఇవ్వొచ్చు. బొప్పాయి, అంజీర, నాగజెముడు పండు లాంటివి. మిగతా జాతులకు మానేయడమే మేలు. వాటి పెద్దపేగులో పీచును పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి. చక్కెర వచ్చి పడితే ఆ సమతూకం చెడి, గ్యాస్, విరేచనం, దాంతో పాటు ఫ్లాజెల్లేట్ అనే పరాన్నజీవుల విజృంభణ. పైగా 100 గ్రాముల అరటిపండులో కాల్షియం 5 మిల్లీగ్రాములు, భాస్వరం 22. అదే బరువు డాండెలియన్ ఆకులో కాల్షియం 187, భాస్వరం 66. తాబేలుకు భాస్వరం కంటే కాల్షియం రెండింతలు ఉండాలి.

కుక్కల మేత, గుడ్డు, మాంసం గడ్డి మేసేవాటికీ ఆకులు మేసేవాటికీ పెట్టొద్దు. మిగులు ప్రోటీన్ యూరిక్ ఆమ్లంగా మారుతుంది, నీళ్లు తక్కువైతే అది కిడ్నీల్లో, కీళ్లలో పేరుకుంటుంది. రెడ్‌ఫుట్‌కు వారం పది రోజులకోసారి వానపాములో, చిన్న ఉడికించిన గుడ్డు ముక్కో చాలు. పాలు, రొట్టె ఏ జాతికీ వద్దు.

ఎంత పెట్టాలి? తాబేలు చిప్ప ఎంతుందో అంత ఆకుల కుప్ప రోజుకు సరిపోతుంది, వదులుగా పోసినది. పిల్లలకు రోజూ, పెద్దవాటికి వారంలో ఐదారు రోజులు. గడ్డి మాత్రం గడ్డి జాతులకు ఎప్పుడూ అందుబాటులో ఉంచొచ్చు. ఇసుక మీద పోయకుండా చదునైన రాతి పలక మీద పెట్టండి. మట్టి నోట్లోకి పోదు, ముక్కు కొన కూడా అరుగుతుంది.

కాల్షియం: పౌడరా, కటిల్‌బోనా?

కటిల్‌బోన్ అంటే కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి ఒంటి లోపలి తెల్లటి సున్నపు పెంకు. దాన్ని ఎన్‌క్లోజర్‌లో పడేసి ఉంచితే కావాల్సినప్పుడు తాబేలే కొరుక్కుంటుంది. అతి అయ్యే ప్రమాదం లేదు. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి దాన్ని వాసన కూడా చూడవు. పెరిగే పిల్లలకు, గుడ్లు పెట్టే ఆడవాటికి అందుకే పౌడరే నమ్మకం. భాస్వరం లేని కాల్షియం కార్బొనేట్ తీసుకుని, పిల్లలకు వారానికి నాలుగైదుసార్లు, పెద్దవాటికి రెండుసార్లు తడి ఆకుల మీద ఒక చిటికెడు చల్లండి. ఆకు తెల్లగా కనిపించేంత పోస్తే మేత మానేస్తుంది.

విటమిన్ డీ3 కలిసిన పౌడర్ ఇంటి లోపల ఉండేవాటికి వారానికోసారి. నేరుగా ఎండలో తిరిగేవాటికి వద్దు. నోటి ద్వారా వెళ్లే డీ3 ఎక్కువైతే మెత్తటి అవయవాల్లో కాల్షియం పేరుకుంటుంది. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, ఒంట్లో డీ3 తయారు కావడానికి కావాల్సిన యూవీబీ కిరణాలను గాజు ఆపేస్తుంది. ఇంటి లోపలైతే పొడవాటి టీ5 (సన్న రకం) యూవీబీ ట్యూబు పెట్టి, వెలుగుతున్నా సరే ఏడాదికోసారి మార్చండి. మెలికల చిన్న బల్బుల వెలుగు ఇరుకైన చోట మాత్రమే పడుతుంది కాబట్టి ట్యూబే మేలు.

అరుగుదలకు అసలు ఇంధనం వేడి

తాబేలు సొంతంగా ఒంటి వేడి తయారు చేసుకోలేదు. బయటి వేడిని బట్టే పేగులు కదులుతాయి. బాస్కింగ్ స్థలంలో, తాబేలు చిప్ప ఎత్తున, 33 నుంచి 35 డిగ్రీలు. చల్లని వైపు 24 నుంచి 26, పైన చెప్పిన మూసిన పెట్టెలో పెరిగే పిల్లలకైతే 26కు తగ్గకూడదు. గోడకు అతికించే స్టిక్కర్ థర్మామీటర్ గోడ వేడి చెబుతుంది, తాబేలు కూర్చునే చోటు వేడి కాదు. ప్రోబ్ ఉన్నదో, ఇన్‌ఫ్రారెడ్ గన్నో వాడండి.

ఉదయం బల్బు వెలిగిన గంటకు మేత. లైట్లు ఆర్పడానికి రెండు మూడు గంటల ముందే మిగిలింది తీసేయాలి. నిండు కడుపుతో చల్లబడితే మేత పేగుల్లోనే పులుస్తుంది. ఈ కారణం వల్లే శీతాకాలపు నిద్రకు వెళ్లే హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్లకు మేత రెండు నుంచి నాలుగు వారాల ముందే ఆపి, వేడి వెంటనే తగ్గించకుండా, స్నానాలు మాత్రం కొనసాగిస్తూ కడుపు ఖాళీ చేయిస్తారు. సుల్కాటా, లెపర్డ్, రెడ్‌ఫుట్ అసలు శీతనిద్ర పోవు, వాటితో ఆ ప్రయోగం చేయొద్దు.

అడుగున ఏం పరచాలన్నది కూడా కడుపు సంగతే. మట్టి, కొబ్బరి పొట్టు కలిపినది, లేదా పెద్ద ముక్కల చెట్టు బెరడు మంచివి. ఉత్త ఇసుక, చిన్న గులకరాళ్లు, వాల్‌నట్ పెంకుల పొడి పేగులకు అడ్డం పడతాయి. కాల్షియం ఇసుక అని అమ్మేది ఇంకా మోసం, కాల్షియం లోటున్న తాబేలు దాన్ని కావాలనే తింటుంది. జబ్బుగా ఉన్నన్నాళ్లూ తెల్ల కాగితం పరిస్తే మలం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంట్లో చూసుకోవాలా, డాక్టరు దగ్గరికా?

ఆరోగ్యంగా ఉంటే మలం ముదురు ఆకుపచ్చగానో గోధుమరంగులోనో, ఆకారం నిలిచి, విరిస్తే పీచు కనిపించేలా ఉంటుంది. ఎన్నాళ్లకోసారి అన్నది వేడి, వయసు, మేతను బట్టి మారుతుంది. మీ తాబేలు మామూలు లెక్క మీకు తెలిసి ఉండాలి.

మలం రాక మామూలు కంటే మూడు నాలుగు రోజులు ఎక్కువైంది, కానీ తింటోంది, తిరుగుతోంది అనుకోండి. ముందు వేడి కొలవండి. తర్వాత రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున గోరువెచ్చని స్నానం, మధ్యలో బాగా నడవనివ్వడం, మేతలో నాగజెముడో ఉడికించని గుమ్మడి తురుమో కొద్దిగా. మూడు రోజుల్లో చాలావరకు కదులుతుంది. నూనె, విరేచనాల మందు నోట్లో పోయడం మాత్రం వద్దే వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే మలబద్ధకం కంటే పెద్ద ముప్పు.

విరేచనమైతే పండు, లెట్యూస్, కీర ఆపేసి ఎండుగడ్డి, పీచు ఆకులకు రండి. నీళ్లు తగ్గించొద్దు, స్నానాలు పెంచండి. వారంలో గట్టిపడకపోతే మలపరీక్ష చేయించాలి. మందుల దుకాణంలో దొరికే నులిపురుగుల మందు అంచనాతో వేయకండి. ముఖ్యంగా ఐవర్‌మెక్టిన్ తాబేళ్ల ప్రాణం తీస్తుంది. కొద్దిపాటి పిన్‌వార్మ్‌లు (సన్నటి పేగు పురుగులు) చాలా తాబేళ్లలో ఏ ఇబ్బందీ లేకుండా ఉంటాయి, సంఖ్య చూసి వైద్యులే నిర్ణయిస్తారు.

స్నానంలో మగ తాబేలు తోక కింది నుంచి ముదురు ఊదా రంగు అవయవం బయటికి తీసి కాసేపట్లో లోపలికి లాక్కోవడం సహజం. ఎర్రగానో గులాబీ రంగులోనో పేగులాంటిది బయటికొచ్చి లోపలికి పోకుంటే, శుభ్రమైన తడి గుడ్డ కప్పి, ఎండిపోకుండా చూస్తూ అదే గంటలో బయల్దేరండి. మలంలో రక్తం, ముక్కినా ఏమీ రాకపోవడం, మలం రాకపోవడంతో పాటు తిండి కూడా మానడం, వెనుక కాళ్లలో బలం తగ్గడం, గుడ్ల కోసం గుంటలు తవ్వుతూనే పెట్టలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ప్రయోగాలకు సమయం లేదు.

వెళ్లేటప్పుడు ఆ రోజు వేసిన మలం మూత బిగించిన డబ్బాలో తీసుకెళ్లండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచొచ్చు, గడ్డకట్టే అరలో కాదు. బరువుల చిట్టా, బాస్కింగ్ స్థలం, చల్లని వైపు, రాత్రి వేడి అంకెలు, వాడే గుళికలు, పౌడర్ల ప్యాకెట్ల ఫొటోలు, యూవీబీ ట్యూబు పెట్టిన తేదీ కూడా రాసుకెళ్తే, డాక్టరు అడిగే మొదటి పది ప్రశ్నలకు జవాబు మీ చేతిలోనే ఉంటుంది.